తలపైన తెల్లదీపం: మైలవరం నీళ్లలో కయాక్‌కీ పుట్టికీ ఒకటే లైటు (పని డైరీ)

మొదటి రోజు

కడప జిల్లా మైలవరం జలాశయంలో పొద్దు గూకినాక నీటి మీద ఉండేవి మూడు రకాలు: వల వేయడానికి పోయే పుట్టి, ఎదురుగాలికి ఆలస్యమైన కయాక్ (ఒకరిద్దరు కూర్చుని తెడ్డు వేసే సన్నటి పడవ), ఎప్పుడన్నా ఒక మోటారు పడవ. మొదటి రెంటికీ దీపం ఉండదు. మోటారు పడవకు లైటు ఉన్నా దాని వెలుగు ఎదుటి నీటి మీద పడి తళతళలాడుతుందే గాని, నీటికి అడుగెత్తున నల్లగా ఉన్న కయాక్‌ని పట్టివ్వదు. గండికోట వైపు పోయేకొద్దీ పెన్నాకు రెండు పక్కలా ఎర్రమల కొండ గోడలే. వెనకాల ఆకాశం వెలుగు ఉండదు కాబట్టి మనిషి నీడ కూడా తెలియదు.

పని లెక్క ఇది. నాలుగు దిక్కులా కనపడాలి, ఒక్క ఛార్జింగుతో 8 గంటలు వెలగాలి, నీళ్లలో పడితే తేలాలి, ప్రొద్దుటూరు ఎలక్ట్రికల్ షాపులో దొరికే సామానుతోనే ముప్పాతిక వంతు అయిపోవాలి. రాత్రి షికారుకు జలాశయం చూసుకునేవాళ్ల అనుమతి వేరే విషయం. ఈ లైటు చీకటి పడేలోపు ఒడ్డుకు రాలేకపోయిన వాళ్లకు, తెల్లారక ముందే వల తీయబోయే వాళ్లకు.

రంగు సంగతి ముందే తేల్చుకోవాలి. చాలామంది మొదట కొనేది ముక్కు మీద పెట్టే ఎరుపు–ఆకుపచ్చ లైటు. సముద్రంలో పడవలు ఢీకొనకుండా 1972లో చేసుకున్న అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, ఒక్కోటి 112.5 డిగ్రీలు. వెనక తెలుపు 135 డిగ్రీలు. మూడూ కలిపితే 360. తెడ్డు వేసే పడవకు మాత్రం 25వ నిబంధన వెసులుబాటు ఇస్తుంది: ఆ లైట్లు పెట్టుకోవచ్చు, లేదంటే తెల్ల టార్చి చేతికందేలా ఉంచుకుని ఢీకొనేలోపు చాలినంత ముందుగా చూపించాలి. 7 మీటర్ల లోపు, 7 నాట్ల (గంటకు సుమారు 13 కిలోమీటర్ల) వేగం మించని మోటారు పడవకు కూడా చుట్టూ కనపడే తెల్లదీపం ఒక్కటి చాలు, వీలైతేనే పక్క లైట్లు. ఆ నిబంధనలు సముద్రానికి, ఓడలు తిరిగే నీళ్లకు చేసినవి, మన జలాశయానికి కావు. అయినా వాటి కొలతలు వాడుకోవడంలో తప్పేం లేదు.

మా నిర్ణయం తెలుపే, ఒక్కటే. కారణం పుట్టి. గుండ్రంగా ఉండి, తెడ్డు వేసినప్పుడల్లా తిరిగే పడవకు ఎడమేది, కుడేది? ఎరుపు–ఆకుపచ్చ పెడితే నిమిషానికి నాలుగు దిక్కులు చూపిస్తుంది, ఎదుటివాడికి అబద్ధం చెబుతుంది. ఒంటరి తెల్లదీపానికి ఏ నీళ్లలోనైనా అర్థం ఒకటే: ఇక్కడ ఏదో ఉంది, తప్పించుకుని పో.

రెండో రోజు: వెలుగు ఎంత

ఆ నిబంధనల్లోనే లెక్క ఉంది. 1 నాటికల్ మైలు (1.85 కిలోమీటర్లు) దూరం కనపడాలంటే 0.9 క్యాండెలా, 2 మైళ్లకు 4.3 క్యాండెలా. క్యాండెలా అంటే ఒక దిక్కుకు పోయే వెలుగు బలం. 12 మీటర్ల లోపు పడవ మీద చుట్టూ కనపడే దీపానికి 2 మైళ్లు అడుగుతారు. మన నీళ్లకు అంత అక్కర్లేదు గాని, 4.3ను గురి పెట్టుకుంటే మబ్బుకూ, వాన తుంపరకూ చేతిలో కొంత మిగులుంటుంది.

చాలామంది ల్యూమెన్లు (దీపం ఇచ్చే మొత్తం వెలుగు) చూసి 1000 ల్యూమెన్ల టార్చి కట్టేస్తారు. ఒక దిక్కుకే పోయే వెలుగు అది. మిగతా మూడు దిక్కులు చీకటి, తెడ్డు వేసేవాడి కళ్లు మాత్రం పోతాయి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది, పోగొట్టుకోవడానికి ఒక్క చూపు చాలు.

ఎంచుకున్నది 2835 సైజు (2.8 × 3.5 మి.మీ.) తెల్ల ఎల్‌ఈడీలు, 8. ఒక గొట్టం చుట్టూ 45 డిగ్రీలకొకటి, బయటికి చూస్తూ. ఒక్కోదానికి విడిగా 33 ఓమ్‌ల రెసిస్టర్. 18650 లిథియం సెల్ (18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవు) 4.0 వోల్టుల దగ్గరున్నప్పుడు ఎల్‌ఈడీ సుమారు 3 వోల్టులు తినగా మిగిలిన 1 వోల్టు రెసిస్టర్ మీద పడుతుంది, అంటే 30 మిల్లీఆంపులు. ఎనిమిదికి 240. ఈ కరెంటుకు ఒక్కోటి 11 ల్యూమెన్ల దాకా ఇస్తుంది, ఎదురుగా చూస్తే 3.5 క్యాండెలా. పక్క ఎల్‌ఈడీల వాటా కూడా కలుపుకుంటే ఏ దిక్కునుంచి చూసినా 8.4–9.1 మధ్యే. ఆరు పెట్టి లెక్కేస్తే హెచ్చుతగ్గులు 15 శాతం దాకా పోతాయి. అందుకే 8. పైన తొడిగే గరుకు గొట్టం మూడో వంతు మింగేసినా 6 మిగులుతుంది.

సెల్ దిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, దాన్ని దాచిపెట్టే పని లేదు. 3.6 వోల్టుల దగ్గర ఎల్‌ఈడీ తినేది కూడా కొంచెం తగ్గి ఒక్కోదానికి 20 మిల్లీఆంపుల దగ్గర, అంటే గురికి కాస్త తక్కువగా 4 క్యాండెలా దగ్గర ఉంటాం. 2600 మిల్లీఆంపవర్ల (సెల్‌లో పట్టే కరెంటు కొలత) సెల్ అక్కడికి రావడానికి 8 గంటలు దాటుతుంది. ఆ తర్వాత కూడా నాలుగైదు గంటలు మసక మసకగా వెలుగుతూనే ఉంటుంది, ఒక్కసారిగా ఆరిపోదు. కాన్‌స్టంట్ కరెంట్ ఐసీ పెడితే చివరిదాకా ఒకే వెలుగు వచ్చేది గాని, మెల్లగా మసకబారే దీపం 'ఇక ఒడ్డుకు పోదాం' అని చెప్పే దీపం కూడా.

సెల్ కొనేటప్పుడు తూకం వేయండి. 18650 అసలుది 45–50 గ్రాములుంటుంది. 9900 మిల్లీఆంపవర్లు అని అచ్చేసి 30 గ్రాములు తూగేది లోపల సగం ఖాళీ డబ్బా. ఈ సైజులో మామూలుగా దొరికేది 3500 చుట్టుపక్కల దాకానే.

నాలుగో రోజు: దీపం తల

40 మిల్లీమీటర్ల బయటి కొలత ఉన్న, గాజులా అవతలిది కనపడే అక్రిలిక్ ప్లాస్టిక్ గొట్టం, 12 సెంటీమీటర్ల ముక్క. ఆ కొలతే ఎందుకంటే మన ప్లంబింగ్ పీవీసీ పైపు 40 మి.మీ. అంటే బయటి కొలతే. కాబట్టి బజారులో దొరికే 40 ఎండ్ క్యాప్ దీనికి సరిగ్గా కూర్చుంటుంది. లోపలి వైపు 400 నంబరు ఉప్పుకాగితం నీళ్లతో రుద్దితే పాలరంగు వస్తుంది. బయట రుద్దకూడదు, మట్టి పట్టి పోదు.

మొదటి తల పాడైంది. తప్పు సులువుగా జరిగేదే: క్యాప్‌కి అలవాటు ప్రకారం పీవీసీ సొల్యూషన్ పూయడం. పీవీసీకి పీవీసీ అంటించడానికి అది బాగుంటుంది. అక్రిలిక్ మాత్రం ఆ ద్రావకానికి పగుళ్లిస్తుంది. రాత్రి పూసి పొద్దున చూస్తే క్యాప్ అంచు నుంచి పైకి, ఎండిన చెరువు అడుగులాగా సన్నని గీతలు. నొక్కితే చిటపటమంది. రెండో తలకు పై క్యాప్‌ని రెండు ట్యూబుల ఎపాక్సీతో, కింది క్యాప్‌ని సిలికాన్‌తో పెట్టాం. సిలికాన్‌లో కూడా చూడాల్సింది వాసన. వెనిగర్ వాసన కొట్టేది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, మూసిన డబ్బాలో రాగి తీగల్ని, టంకాన్ని పచ్చబరిచేస్తుంది. డబ్బా మీద 'న్యూట్రల్ క్యూర్' అని ఉన్నదే తీసుకోవాలి. హాట్ గ్లూ ఊసే వద్దు. మే నెల ఎండలో కారులో పెట్టి తలుపేస్తే జీడిపాకమే.

ఆరో రోజు: స్విచ్చి

నీళ్లు పోయేది ఎప్పుడూ స్విచ్చి దగ్గరే. రబ్బరు టోపీ ఉన్న స్విచ్చులు ఒక్క ఎండాకాలం చూస్తే రబ్బరు పగులుతుంది. కాబట్టి బొక్కే లేకుండా రీడ్ స్విచ్చి (అయస్కాంతం దగ్గరికొస్తే లోపలి రేకులు కలుసుకునేది), బయట అయస్కాంతం.

మామూలుగా అయితే అయస్కాంతం పెడితే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది. ఇది తలకిందుల భద్రత: నీళ్లలో అయస్కాంతం ఊడి పడిపోయిందంటే దీపం పోయినట్టే. అందుకని తిప్పి కట్టాం. AO3400 అనే చిన్న మాస్‌ఫెట్ (గేటు కాలుకు వోల్టేజీ ఉంటేనే కరెంటు వదిలే ట్రాన్సిస్టర్) సోర్స్ కాలు బ్యాటరీ మైనస్‌కి, డ్రెయిన్ కాలు ఎల్‌ఈడీల మైనస్‌కి, గేటు 1 మెగాఓమ్ రెసిస్టర్ మీదుగా బ్యాటరీ ప్లస్‌కి. రీడ్ స్విచ్చి గేటుకీ సోర్స్‌కీ మధ్య. అయస్కాంతం దగ్గరుంటే గేటు సున్నాకు పడిపోయి దీపం ఆరుతుంది. అయస్కాంతం తీసినా, పోయినా వెలుగుతుంది. ఆరి ఉన్నప్పుడు కారే కరెంటు 4 మైక్రోఆంపులు, సెల్ దాన్ని లెక్కచేయదు.

రీడ్ స్విచ్చి గాజు గొట్టం. కాలు వంచేటప్పుడు గాజుకీ వంపుకీ మధ్య నోస్ ప్లయర్‌తో పట్టుకోకపోతే గాజు చిట్లుతుంది. పైకి కనపడదు, నెల తర్వాత పనిచేయడం మానేస్తుంది. రెండు అలా పోయాయి. అయస్కాంతాన్ని సెల్‌ఫోను దగ్గర పెట్టొద్దు, అందులో దిక్సూచి తప్పు చూపిస్తుంది.

ఎనిమిదో రోజు: కర్ర, దాని వంపు

అసలు పని ఇక్కడుంది. సీటు వెనక చాలా కయాక్‌లకు గేలం కర్ర గుచ్చుకునే గొట్టం ఉంటుంది, కర్ర అందులోనే నిలబెడదాం అనుకున్నాం. 25 మి.మీ. కరెంటు కాండ్యూట్ పైపు, మందం ఎక్కువ రకం, 1.2 మీటర్లు. లోపలి కొలత 20 మి.మీ. పైనే కాబట్టి 18650 సెల్ సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుని అందులోకి జారిపోతుంది. సెల్ అడుగున ఉంటే పైన బరువు తగ్గుతుంది, కర్ర తక్కువ ఊగుతుంది. తీగ 0.5 చదరపు మి.మీ., పోనూ రానూ 2.6 మీటర్లు, నష్టపోయేది 25 మిల్లీవోల్టులు. పట్టించుకోనక్కర్లేదు.

ఒడ్డు మీద కయాక్ పెట్టి, మనిషిని కూర్చోబెట్టి, ఎదురుగా వంద గజాలు నడిచి చూస్తే దీపం లేదు! పక్కకు నాలుగడుగులు వేస్తే ఉంది. కారణం కాగితం మీద వేస్తే తెలిసింది. ఆ గొట్టం వెనక్కి 30 డిగ్రీలు వాలి ఉంటుంది. 20 సెంటీమీటర్లు లోపలికి పోగా మిగిలిన మీటరు కర్ర వాలుగా నిలబడితే ఎత్తు 87 సెంటీమీటర్లే. కూర్చున్న మనిషి తల దాదాపు అంతే. దీపం మనిషి తల వెనక 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ముందు 15 డిగ్రీల మేర తల కప్పేస్తుంది. భుజాల ఎత్తుకు దిగితే కప్పేది 40 డిగ్రీలు. ఎదురుగా వచ్చే పడవ ఉండేది సరిగ్గా ఆ 40 డిగ్రీల్లోనే.

కర్ర పొడుగు చేస్తే సరి అనుకుని 1.5 మీటర్లది వేస్తే ఇంకో తప్పు బయటపడింది. దీపం కింద ఒక నల్ల పళ్లెం పెట్టాం, డెక్కు మీద, చేతుల మీద వెలుగు పడి కళ్లు చెదరకుండా. పాత సీడీకి నల్ల రంగు వేసిందే అది, వ్యాసార్ధం 6 సెంటీమీటర్లు. ఎల్‌ఈడీ వలయం దానికి 3 సెంటీమీటర్లు పైన. నిటారుగా ఉంటే ఇది చక్కటి లెక్క: డెక్కుకు 1.2 మీటర్ల ఎత్తున్న దీపం 2.4 మీటర్ల అవతలే నీటిని తాకుతుంది, కయాక్ మొత్తం చీకట్లోనే ఉంటుంది. కానీ కర్ర 30 డిగ్రీలు వెనక్కి వాలితే పళ్లెం ముందు అంచు పైకి లేస్తుంది. పళ్లెం కోసేది 27 డిగ్రీలు, వాలు 30. ముందుకు పోవాల్సిన వెలుగంతా ఆకాశానికి పోయింది.

రెండింటికీ మందు ఒకటే, కర్రను వంచడం. పైపు ఒక కొన మూసి పొడి ఇసుక నింపి దట్టించాలి, రెండో కొన గుడ్డతో బిగించాలి. అడుగు నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర, గ్యాస్ పొయ్యి మంటకు కొంచెం దూరంలో తిప్పుతూ వేడి చేయాలి. మెత్తబడగానే గోడ మీద ముందే గీసుకున్న 30 డిగ్రీల గీతకు ఆనించి వంచి, తడిగుడ్డ చుట్టాలి. ఇసుక లేకుండా వంచితే మడత పడుతుంది, తీగ పోదు. పొగ వచ్చిందంటే మాడిందని లెక్క. ఆ పొగ ఘాటు గొంతుకు మంచిది కాదు, ఆరుబయటే చేయాలి. ఇప్పుడు కర్ర నిటారు, పొడవు 1.3 మీటర్లు, దీపం మనిషి తలకు జానెడు పైచిలుకు ఎత్తున. ఇంకా పెంచితే ఊపు ఎక్కువవుతుంది.

అడుగున మేల్ థ్రెడ్ అడాప్టరు, దానికి మర క్యాప్, లోపల రబ్బరు వాషరు, మరలకు టెఫ్లాన్ టేపు. ఛార్జింగుకు క్యాప్ విప్పితే చిన్న కనెక్టరు బయటికొస్తుంది, టీపీ 4056 అనే లిథియం ఛార్జింగు బోర్డుకు తగిలిస్తే మూడు గంటల పైన. ఎండలో కాలుతున్న పైపును వెంటనే ఛార్జింగుకు పెట్టొద్దు. 45 డిగ్రీలు దాటిన సెల్‌ని ఛార్జ్ చేస్తే దాని ఆయుష్షు పోతుంది, మనకు ఎండాకాలంలో నీడలోనే ఆ వేడికి దగ్గరగా ఉంటుంది.

కర్రకు మీటరు తాడు కట్టి కయాక్‌కి ముడేయాలి. గొట్టంలో మాత్రం గట్టిగా బిగించకూడదు. కయాక్ బోల్తా కొడితే కర్ర ఊడి రావాలి, లేకపోతే మళ్లీ ఎక్కేటప్పుడు జాకెట్టు తగులుకుంటుంది. మొత్తం తూకం అర కిలో, తోసేసే నీళ్లు 750 గ్రాముల పైన. తేలుతుంది.

పదో రోజు: బకెట్టు పరీక్ష

నీళ్లలో ముంచి పది నిమిషాలు చూసి 'వాటర్‌ప్రూఫ్' అనడం మోసం. మధ్యాహ్నం ఎండలో గంటసేపు పెట్టి, వేడి మీదే చల్లటి నీళ్లలో ముంచాలి. లోపలి గాలి 60 డిగ్రీల నుంచి 25కు దిగితే ఒత్తిడి పదో వంతు పడిపోతుంది. మీటరు లోతున ముంచినంత ఈడ్పు అది, బకెట్టు పైపైనే ఉన్నా సరే. సాయంత్రం ఎండ నుంచి నీళ్లలోకి దిగే ప్రతి లైటుకూ జరిగేది ఇదే.

లోపల టిష్యూ కాగితం ముక్క మీద స్కెచ్ పెన్‌తో చుక్కలు పెట్టి వేశాం. మొదటి పరీక్షలో అడుగు మర దగ్గర చుక్కలు పాకాయి. వాషరు పలచన. రెండు వేసి, సిలికాన్ గ్రీజు రాశాక చుక్కలు చెక్కుచెదరలేదు. ఒక సిలికా జెల్ పొట్లం లోపలే ఉండనివ్వండి.

పన్నెండో రోజు: నీటి మీద

ఇద్దరు ఒడ్డున, ఒక కయాక్ నీళ్లలో, మరో కయాక్ తోడుగా. చంద్రుడు లేని రాత్రి. కిలోమీటరు దాటాక కూడా దీపం స్పష్టం, కయాక్ ఎటు తిరిగినా ఆరలేదు.

చిక్కు ఒకటే: వెనకాల ఊరి వీధి దీపాలున్న దిక్కున తెల్లచుక్క వాటిలో కలిసిపోతుంది. మినుకుమినుకు లైటు పెడితే కలవదు కదా అనిపిస్తుంది. వద్దు. మినుకుతున్న దీపం ఎంత దూరంలో ఉందో కంటికి అందదు, ఎటు కదులుతోందో తెలియదు. పైగా వల గుర్తుకు బెండు మీద కట్టే చిన్న లైట్లు మినుకుతాయి కాబట్టి పడవవాడు దీన్ని వల అనుకుని పక్క నుంచే పోతాడు. నిబంధనల్లో కూడా స్ట్రోబు లాంటివి వాడొద్దనే ఉంది. అలాంటి నేపథ్యంలో పనికొచ్చేది చేతి టార్చి: ఎదుటి పడవ కళ్లలోకి కాకుండా, మన తెడ్డు మీద, జాకెట్టు మీద వేసి ఊపాలి. మెడలో విజిలు.

ఇంకోటి, తొలకరి తర్వాత ఉసుళ్లు. గుప్పెడు గుప్పెడుగా దీపం చుట్టూ ముసురుతాయి. దీపం మన తలల కన్నా పైన ఉంది గనుక బతికిపోయాం.

పదమూడో రోజు: రేడియం

లారీలకు అంటించే రేడియం టేపు తెడ్డు రెండు రెక్కలకూ రెండు వైపులా. తెడ్డు కదులుతుంది కాబట్టి అది కంటికి ఇట్టే ఆనుతుంది. ఇది సొంతంగా వెలగదు, వచ్చిన వెలుగును వచ్చిన దారినే పంపుతుంది. ఎదుటివాడి దగ్గర లైటు లేకపోతే దండగే.

తెడ్డుకు అంటింది, కయాక్‌కు అంటలేదు. రెండ్రోజులకే అంచులు లేచాయి. కయాక్ పాలిథిలీన్ ప్లాస్టిక్, దానికి మామూలు జిగురు పట్టదు. గ్యాస్ టార్చి నీలిమంటను ఆ చోట ఒక్కసారి, చేయి ఊపినంత వేగంగా పోనిచ్చి నీళ్లు చల్లి చూడాలి. నీళ్లు ముత్యాల్లా కాకుండా పొరగా పరుచుకుంటే టేపు పడుతుంది. మంట ఆగిందా, ప్లాస్టిక్ ముడుచుకుంటుంది. పాత కయాక్ అడుగున చిన్నచోట ముందు ప్రయత్నించండి.

పదిహేనో రోజు: పుట్టి

తల అదే, కర్ర వేరు. పుట్టి అంచు వెదురు కట్టకు బొటనవేలి లావు వెదురు కర్రను రెండు చోట్ల నైలాన్ తాడుతో కట్టాం. సెల్‌ని కర్ర మీదే అరడుగు కాండ్యూట్ ముక్కలో పెట్టి బిగించాం. పుట్టివాడు ముందుకు వంగి, కొన్నిసార్లు నిలబడి పని చేస్తాడు. కాబట్టి ఎత్తు మనిషి నిలబడినంత, 1.8 మీటర్లు ఉండాలి, లేకపోతే వల లాగినంతసేపూ ఒక దిక్కు చీకటే. వల లాగే వైపుకు ఎదురు అంచున కట్టడం ముఖ్యం. ఇటువైపు కడితే వల కన్నులు కర్రకు చిక్కుకుంటాయి, సీడీ పళ్లెం అంచుకు మరీను. పళ్లెం అంచు చుట్టూ సైకిల్ ట్యూబు చీల్చి తొడిగాక చిక్కడం తగ్గింది.

మిగిలినవి: పుట్టి కర్ర గాలికి ఊగకుండా మూడో కట్టు ఎక్కడ వేయాలో చూడాలి. రెండో కయాక్ గేలం గొట్టం వాలు 30 కాదు, 15 డిగ్రీలే. దానికి కొత్త పైపు, కొత్త వంపు.